సముద్రం దాటితేనే మ్యాచ్: హవాయిలో ఫుట్‌బాల్ కోచ్ పని ఎందుకంత కష్టం?

[తెర మీద మ్యాప్: అంతా నీలం, మధ్యలో నాలుగు చుక్కల్లా దీవులు]

కాశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా మన దేశం పొడవు 3,214 కిలోమీటర్లు. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో చదివే ఉంటారు. ఇప్పుడు ఈ మ్యాప్ చూడండి. ఇది అమెరికా రాష్ట్రమైన హవాయి రాజధాని హొనొలులు. అదిగో లాస్ ఏంజెలిస్. మధ్యలో దాదాపు 4,100 కిలోమీటర్ల పసిఫిక్ మహాసముద్రం. మన దేశాన్ని ఆ కొస నుంచి ఈ కొసకు పరిచినా, ఇంకా బోలెడు నీళ్లు మిగులుతాయి.

హొనొలులులో మానోవా లోయలో హవాయి యూనివర్సిటీ ఉంది. దాని ఫుట్‌బాల్ జట్టు పేరు రెయిన్‌బో వారియర్స్. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాళ్లతో ఆడేది కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరిగెడుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. మిగతా కాలేజీల్లో చాలా జట్లు దగ్గరి ఊళ్లకు బస్సులో వెళ్లి ఆడి వస్తాయి. ఈ జట్టుకు ఆ అదృష్టం లేదు. లీగ్‌లో బయట ఆడాల్సిన ప్రతి మ్యాచ్‌కీ విమానం ఎక్కాల్సిందే. కాలిఫోర్నియాకే ఐదు గంటలకు పైగా ప్రయాణం.

[తెర మీద రెండు గడియారాలు: హొనొలులు, న్యూయార్క్]

దూరాన్ని విమానం దాటిస్తుంది. టైమ్‌ని దాటించలేదు. న్యూయార్క్‌లో వేసవికి గడియారం గంట ముందుకు జరుపుతారు, హవాయిలో జరపరు. అందుకే సీజన్ మొదట్లో న్యూయార్క్ టైమ్‌కీ హొనొలులు టైమ్‌కీ ఆరు గంటల తేడా. తూర్పు తీరంలో మధ్యాహ్నం 12కి మ్యాచ్ మొదలైతే, హవాయి కుర్రాడి ఒంటికి అది పొద్దున్న ఆరు. నిద్ర పూర్తిగా వదలని ఒంటితో 130 కిలోల మనిషిని గుద్దుకుని ఆపాలి. అందుకే కోచ్ ఆట వ్యూహంతో పాటు నిద్ర, భోజనం, ప్రాక్టీస్ వేళలు కూడా లెక్కపెట్టుకోవాలి. శనివారం రాత్రి ఆడిన పిల్లలు ఆదివారం ఇల్లు చేరి, సోమవారం క్లాసులో కూర్చోవాలి. వీళ్లు విద్యార్థులు కదా, ఆ సంగతి చాలామంది మర్చిపోతారు.

ఇక సొంత ఊళ్లో శనివారం సాయంత్రం ఆరుకి ఆడితే? న్యూయార్క్‌లో అర్ధరాత్రి. మనకు ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర. అంటే ఈ జట్టు ఎంత బాగా ఆడినా, ఆ టైమ్‌కి సగం అమెరికా నిద్రలో ఉంటుంది.

వచ్చే జట్లకు కూడా ఇదే తిప్పలు కాబట్టి ఒక ప్రత్యేక నిబంధన ఉంది. మామూలుగా సీజన్‌కు 12 మ్యాచ్‌లు. హవాయికి వచ్చి ఆడే జట్టు 13వ మ్యాచ్ పెట్టుకోవచ్చు. ఆ టికెట్ల డబ్బుతో ప్రయాణం ఖర్చు కొంత పూడుతుందని ఆలోచన. అది చాలక, 2012లో ఫుట్‌బాల్ కోసం మౌంటెన్ వెస్ట్ లీగ్‌లో చేరినప్పుడు, అవతలి జట్ల ప్రయాణానికి కూడా సాయం చేస్తామని హవాయి ఒప్పుకోవాల్సి వచ్చింది. తన ఖర్చుతో పాటు అతిథి ఖర్చు కూడా మోయాల్సి వచ్చింది.

[తెర మీద: తుప్పు పట్టిన స్టేడియం ఉక్కు]

సముద్రం స్టేడియాన్ని కూడా వదల్లేదు. 1975లో తెరిచిన అలోహా స్టేడియంలో 50 వేల మంది పట్టేవారు. పైపొర తుప్పే రక్షణగా నిలిచే రకం ఉక్కుతో కట్టారు. కానీ ఉప్పు గాలికి ఆ తుప్పు ఆగలేదు, లోపలికి తినేసింది. 2020 డిసెంబరులో ప్రేక్షకులకు తలుపులు మూసేశారు. జట్టు క్యాంపస్‌లోని చిన్న మైదానానికి మారింది. 2023 నాటికి దాన్ని 15 వేల పైచిలుకు సీట్లకు పెంచారు.

ఇవన్నీ ఒక ఎత్తు. నా దృష్టిలో అసలు కష్టం వేరే ఉంది: మనుషులను నిలుపుకోవడం.

హవాయిలో ఉండేది దాదాపు 14 లక్షల మంది. అంత చిన్న రాష్ట్రం నుంచి ఎలాంటి ఆటగాళ్లు వచ్చారో చూడండి. 2014లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన మార్కస్ మారియోటా హొనొలులు కుర్రాడే, కానీ ఆరెగాన్ యూనివర్సిటీకి ఆడాడు. అతను చదివిన సెయింట్ లూయిస్ స్కూల్లోనే చదివిన మరో ఆటగాడు తువా టాగోవైలోవా అలబామా యూనివర్సిటీకి వెళ్లాడు. పెరట్లో కాసిన కాయ పక్కింటి గంపలో పడుతుంటే కోచ్‌కి ఎంత బాధగా ఉంటుంది! పోనీ, బయటి కుర్రాడిని తెచ్చుకుందామంటే, కొడుకు ఆట చూడటానికి ప్రతిసారీ సముద్రం దాటాలని ఏ తల్లికి చెప్పి ఒప్పిస్తారు?

దీనికి ఒక తెలివైన జవాబు కోచ్ జూన్ జోన్స్ చూపించాడు. 1998లో ఈ జట్టు ఆడిన 12 మ్యాచ్‌లూ ఓడింది. 1999లో ఆయన వచ్చాడు, అదే ఏడాది 9 గెలిచింది. ఆయన పద్ధతి 'రన్ అండ్ షూట్'. భారీ మనుషుల కోసం పెద్ద కాలేజీలతో పోటీ పడకుండా, చిన్నగా, చురుగ్గా ఉండే రిసీవర్లను, అంటే విసిరిన బంతి పట్టుకునేవాళ్లను, నలుగురిని నిలబెట్టి బంతి విసరడం. దొరికిన మనుషులకు తగ్గ ఆట అది. 2007లో సీజన్ 12 మ్యాచ్‌లూ గెలిచి, సీజన్ చివర మంచి జట్లను పిలిచి ఆడించే పెద్ద మ్యాచ్ షుగర్ బౌల్ దాకా వెళ్లారు. అక్కడ జార్జియా యూనివర్సిటీ 41-10తో ఓడించింది. కొద్ది రోజులకే జోన్స్ డాలస్‌లోని మరో యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. ఆటగాళ్లే కాదు, కోచ్‌లు కూడా ఆగరు.

ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా, వచ్చాక ఇంకా టెన్షన్. ఆటలో కాస్త పేరు తెచ్చుకోగానే పెద్ద కాలేజీ డబ్బుతో పిలుస్తుంది, కుర్రాడు మారిపోవచ్చు.

2022 జనవరిలో టిమ్మీ చాంగ్ కోచ్‌గా వచ్చాడు. ఇదే ఊరి మనిషి, జోన్స్ దగ్గర క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరే ఆటగాడిగా, ఆడి 17,072 గజాల పాసింగ్‌తో అప్పటి కాలేజీ రికార్డు కొట్టినవాడు. అతను వచ్చేసరికి చాలామంది ఆటగాళ్లు వెళ్లిపోయారు. మొదటి ఏడాది 3 గెలుపులు. తర్వాత 5, మళ్లీ 5. నాలుగో ఏడాది 2025లో 9. ఆ మూడేళ్లు అతన్ని మార్చకుండా ఓపిక పట్టడం మంచి నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతాను. ఇలాంటి చోట జట్టు ఒక్క సీజన్‌లో కుదురుకోదు.

[తెర మీద: క్యాంపస్ మైదానం, చివరి క్షణాలు]

2025 ఆగస్టు 23. సీజన్ మొదటి మ్యాచ్, ఎదురుగా స్టాన్‌ఫర్డ్. స్కోరు 20-20. జపాన్ నుంచి వచ్చిన కాన్సే మత్సుజావా, వీడియోలు చూసి కిక్ కొట్టడం నేర్చుకున్న కుర్రాడు, 38 గజాల నుంచి బంతిని తన్నాడు. అది స్తంభాల మధ్య నుంచి వెళ్లింది. 23-20. ఆ రాత్రి ఓటమి మూట కట్టుకుని సముద్రం దాటాల్సింది స్టాన్‌ఫర్డ్.