భర్త పోయిన నర్సు, పాడుబడ్డ చెక్క ఇల్లు: 'వర్జిన్ రివర్' మొదటి సీజన్ రివ్యూ

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఈ మధ్య మన ఛానల్లో వరసపెట్టి హత్యలు, సైకోలు, పోలీసు విచారణలే నడిచాయి. "అక్కా, కాస్త మనసుకు హాయిగా ఉండేది ఒకటి చెప్పవా" అని చాలామంది అడిగారు. అందుకే నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్న 'వర్జిన్ రివర్' మొదటి సీజన్ పట్టుకొచ్చాను. 2019 డిసెంబర్‌లో వచ్చింది, పది ఎపిసోడ్లు. హాయిగానే ఉంటుంది, కాకపోతే మధ్యమధ్యలో కళ్లు తుడుచుకోవాల్సి వస్తుంది. కర్చీఫ్ పక్కనే పెట్టుకోండి.

స్పాయిలర్ల సంగతి కూడా ముందే చెప్పేస్తా. మొదటి సీజన్ కథ మాట్లాడుకుంటాం. తర్వాతి సీజన్ల గురించి ఒక్కచోట కాస్త నోరు జారతాను, అప్పుడు హెచ్చరిస్తాను, చెవులు మూసుకోండి.

కథ ఇదీ. మెల్ మన్రో లాస్ ఏంజెలెస్‌లో నర్స్ ప్రాక్టీషనర్. అంటే మన దగ్గర నర్సులా కాదు, పరీక్ష చేసి మందులు కూడా రాయగలదు. పైగా కాన్పులు చేయడంలో ఆరితేరిన మనిషి. భర్త మార్క్ డాక్టర్. కారు ప్రమాదంలో పోయాడు. ఆ ఊళ్లో, ఆ ఆసుపత్రిలో, ఆ ఇంట్లో ఇక ఉండలేక, ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో వర్జిన్ రివర్ అనే చిన్న ఊరికి ఏడాది కాంట్రాక్టు మీద వెళ్తుంది. ఉద్యోగం ఇచ్చింది ఆ ఊరి మేయర్ హోప్. జీతంతో పాటు అద్దె కట్టక్కర్లేని చక్కటి క్యాబిన్ ఇస్తానంది. ఇక్కడ తమాషా ఏంటంటే, మెల్ ఎవరి కింద పనిచేయాలో ఆ ముసలి డాక్టర్‌కి ఈ సంగతే తెలీదు. తెలిశాక, "నాకెవరూ అక్కర్లేదు, వచ్చిన దారినే వెళ్లు" అన్నట్టు ఉంటుంది ఆయన ధోరణి. పైగా హోప్‌కీ ఆయనకీ పెళ్లయింది, చాలా ఏళ్లుగా వేరుగా ఉంటున్నారు. ఊరంతా తెలిసిన గొడవే. ఎవరూ మాట్లాడరు, అందరూ మాట్లాడతారు, మీకు తెలుసుగా!

ఇక ఆ 'చక్కటి క్యాబిన్' విషయానికొద్దాం. నేను ఈ రివ్యూ చేయడానికి అసలు కారణం ఆ ఇల్లే. మెల్ తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టే సీన్ చూడండి. దుమ్ము, చెత్త, ఏళ్ల తరబడి మనిషి మసలని వాసన తెర మీంచి మనకే తగులుతుంది. పట్నం కోటు, పట్నం బూట్లు వేసుకుని ఆ గది మధ్యలో నిలబడి ఉంటుంది ఆవిడ. అలెగ్జాండ్రా బ్రెకిన్‌రిడ్జ్ ఇక్కడ పెద్దగా ఏడవదు, అరవదు. ముందు నవ్వబోతుంది, ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది. 'నా బతుక్కి ఇదొకటే తక్కువైంది' అనే మాట ఆ మొహంలో కనిపిస్తుంది. డైలాగ్ లేకుండా.

తర్వాత జాక్ వస్తాడు. ఊళ్లో బార్ నడిపే మాజీ మెరైన్, ఇరాక్ యుద్ధం చూసొచ్చినవాడు. ఆ ఇంటిని బాగుచేసే పని తన నెత్తినేసుకుంటాడు. మనం చూస్తుండగానే ఇల్లు ఇల్లవుతుంది. అది చూసి నాకు కడుపుమంట పుట్టింది, నిజం చెప్తున్నా. మన దగ్గర ఒక్క బాత్రూంలో టైల్స్ మార్చాలంటే ఎంత తతంగం అండీ! మేస్త్రీ సోమవారం అంటాడు, గురువారం వస్తాడు. వచ్చి గోడ కొట్టేసి వెళ్తాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడు. ఈలోగా ప్లంబర్ వచ్చి, "ఆ మేస్త్రీ ఉండగా నేను చేయను" అంటాడు.

అయితే అమెరికా పల్లెల్లో ఇళ్ల పని కొంత తొందరగా అవుతుందన్నది నిజమే. చాలావరకు చెక్క ఇళ్లు. నిలువు చెక్కలతో చట్రం కట్టి, బయట పలకలు, లోపల జిప్సం బోర్డులో చెక్కలో బిగిస్తారు. మన ఇటుక, సిమెంటులాగా తాపీ పని చేసి, నీళ్లు కొట్టి, ఆరేదాకా ఎదురుచూసే పని తక్కువ. పుచ్చిన పలక పీకేసి కొత్తది కొట్టుకోవచ్చు. సరే, ఒప్పుకున్నా. కానీ కప్పు కారదా? పాత వైరింగ్ సంగతేంటి? సెప్టిక్ ట్యాంక్ ఎవరు చూశారు? పక్కనే ఏరు, చుట్టూ అడవి, అలాంటి చోట చెక్కకి చెమ్మే మొదటి శత్రువు. వీటి గురించి ఒక్క ముక్క ఉండదు. అమెరికాలో ఇళ్ల పనుల కోసమే హెచ్‌జీటీవీ అని ఒక ఛానల్ 1994 నుంచి నడుస్తోంది. అందులో కూడా గోడ కూల్చాక లోపల ఏదో కొత్త సమస్య బయటపడుతుంది, బడ్జెట్ పెరుగుతుంది, ఇంటాయన మొహం మాడుతుంది. ఇక్కడ ఆ మాత్రం కూడా లేదు. ఇల్లు బాగుచేయడం గురించి నేర్చుకుందామని ఈ సిరీస్ చూస్తే మాత్రం మోసపోతారు.

మరి ఆ ఇంటి కోసమే ఈ రివ్యూ అన్నావు కదా అంటారా? చెప్తా. జాక్ ఆ ఇల్లు బాగుచేయడం చూడ్డానికి ఎంత బాగున్నా, నాకు మొదటి నుంచీ ఒక ఇబ్బంది ఉంది. మెల్ వెళ్లిపోదామనుకుంటోంది. ఈయన ఇల్లు బాగుచేసి, 'ఇప్పుడైనా ఉంటావా' అన్నట్టు నిలబడతాడు. మంచితనమే, కాదనను. కానీ దుఃఖంలో ఉన్న మనిషి చుట్టూ ఇలాంటి మంచివాళ్లు ఎప్పుడూ ఉంటారు. పలక మార్చినట్టు, రంగు వేసినట్టు మనిషిని కూడా బాగుచేసేద్దామనుకుంటారు. మామూలుగా టీవీ ప్రేమకథల్లో అదే జరుగుతుంది కూడా. ఇల్లు పూర్తయ్యేసరికి హీరోయిన్ మనసు కూడా తళతళలాడిపోతుంది, గృహప్రవేశం రోజే ముద్దు. ఈ సిరీస్ ఆ పని చేయలేదు, నాకు నచ్చింది అదే. ఇల్లు తొందరగా బాగవుతుంది. మెల్ బాగవదు. శుభ్రంగా, వెచ్చగా ఉన్న ఆ ఇంట్లోనే రాత్రిళ్లు మార్క్ గుర్తొస్తాడు. పైగా ఇప్పుడు ఏడవడానికి పాడుబడ్డ ఇల్లనే సాకు కూడా లేదు.

దుఃఖానికి ఐదు దశలుంటాయని మనం వాట్సాప్‌లో చదువుతుంటాం. 1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే సైకియాట్రిస్ట్ చెప్పిన మాట అది. నిజానికి ఆవిడ మొదట చెప్పింది చావుకి దగ్గరైన రోగుల గురించి, అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్ల గురించి కాదు. తర్వాత 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు వేరే మాట అన్నారు. మనిషి ఒక గంట పోయినవాళ్ల ధ్యాసలో ఉంటాడు, ఇంకో గంట కరెంటు బిల్లు, ఉద్యోగం, కొత్త పరిచయాల్లో పడతాడు, మళ్లీ వెనక్కి పోతాడు, ఈ ఊగిసలాటే సహజం అని. మెల్ పాత్ర అచ్చం అలాగే నడుస్తుంది. జాక్‌తో నవ్వుతూ మాట్లాడిన మరుక్షణం బిగుసుకుపోతుంది. పక్కింటావిడ అయితే "ఏంటీ పిల్ల, ఒక మాట మీద ఉండదు" అనేది. నాకు మాత్రం అందులోనే నిజం కనిపించింది.

మార్క్ చావు వెనక ఇంకో సంగతి ఉంది. వాళ్లకి పుట్టాల్సిన బిడ్డ కడుపులోనే చనిపోయింది. ఆ తర్వాత మళ్లీ ప్రయత్నించాలా వద్దా అని కారులో ఇద్దరూ వాదించుకుంటుండగా ప్రమాదం జరుగుతుంది. ఫ్లాష్‌బ్యాక్‌లలో కొంచెం కొంచెం చెప్తారు ఇదంతా. ఇప్పుడు ఆలోచించండి, ఆవిడ ఉద్యోగం కాన్పులు చేయడం. మొదటి ఎపిసోడ్‌లోనే క్లినిక్ గుమ్మంలో ఎవరో పసిపాపని వదిలేసి పోతారు. ఆ పాపని ఎత్తుకోవాల్సింది ఈవిడే. ఎత్తుకున్నప్పుడు ఆవిడ భుజాలు గమనించండి. చేతులు నేర్చుకున్న పని చేస్తుంటాయి, భుజాలు మాత్రం వెనక్కి లాగుతుంటాయి.

ఆ పాప తల్లి లిలీ. ఆవిడా భర్తని పోగొట్టుకున్న మనిషే, పైగా కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్. పాపని చూస్తే ఏమీ అనిపించడం లేదు, అందుకని భయపడి వదిలేసింది. నా దృష్టిలో మొదటి సీజన్లో అన్నిటికంటే గట్టి భాగం జాక్, మెల్ ప్రేమ కాదు, మెల్, లిలీ మధ్య నడిచే కథ. ఒకరికి బిడ్డ కావాలి, లేదు. ఒకరికి ఉంది, దగ్గరకి తీసుకోలేకపోతోంది. "తల్లివై ఉండి ఎలా వదిలావమ్మా" అనే డైలాగ్ వస్తుందేమోనని నేను ఎదురుచూశాను, మన సీరియళ్లు చూసి చూసి పాడైపోయాను కదా. రాలేదు. ఆవిడకి కావాల్సింది తిట్లు కాదు, వైద్యం అన్నట్టుగానే తీశారు.

మన ఇళ్లలో ఇలాంటివి జరిగినప్పుడు వినపడే మాటలు తెలుసుగా. బిడ్డ పోయిన తల్లితో, "చిన్నదానివి, మళ్లీ పుడతార్లే" అంటారు. ఓదార్పుగానే అంటారు. కానీ ఆ పోయిన బిడ్డ లెక్కలోకి రాదా అని ఆ తల్లి అడగలేదు. మెల్ అడగగలుగుతుంది. అడగడానికి ఆవిడకి కూడా చాలా ఎపిసోడ్లు పడుతుంది.

ఇంకొకటి కూడా అనిపించింది నాకు చూస్తున్నంతసేపూ. కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబర్‌లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయిస్తే ఎంత గొడవైందో మనం చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నాం. వెలివేతలు, బెదిరింపులు. ఇప్పటికీ మన ఊళ్లలో భర్త పోయిన ముప్పై ఏళ్ల అమ్మాయి మళ్లీ పెళ్లి అంటే, చట్టం అడ్డురాదు గానీ చుట్టాలు వస్తారు. మెల్‌కి అలాంటి అడ్డు ఒక్కటీ లేదు. ఊరు ఊరంతా, 'జాక్ మంచివాడు, చేసుకో' అనే టైపు. అల్లికలు అల్లుకునే ఆడవాళ్ల గుంపుకి వాళ్లిద్దరి ముచ్చటే పెద్ద కాలక్షేపం. అయినా ఆవిడ కదల్లేదు. కాపలా కాసేవాళ్లు ఎవరూ లేకపోయినా, తనకి తనే కాపలా. మన కథల్లో విలన్‌గా ఒక అత్తగారినో బావగారినో పెట్టేస్తే పని అయిపోతుంది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు కాబట్టి రాసేవాళ్లకి కష్టం, నటించేవాళ్లకి ఇంకా కష్టం.

నటనలో అలెగ్జాండ్రాకి నూటికి తొంభై. జాక్‌గా చేసిన మార్టిన్ హెండర్సన్ న్యూజిలాండ్ మనిషి. చూడ్డానికి బాగుంటాడు, గడ్డం బాగుంటుంది, బాధపడినప్పుడల్లా ఒకే మొహం పెడతాడు. నా మనసు దోచుకుంది మాత్రం ముసలి జంట, డాక్‌గా టిమ్ మాథిసన్, హోప్‌గా అనెట్ ఓ'టూల్. వాళ్లిద్దరూ గుమ్మం దగ్గర నిలబడి పోట్లాడుకుంటుంటే, అసలు వీళ్లిద్దరి మీదే సిరీస్ తీయాల్సింది అనిపిస్తుంది.

నచ్చనివి కూడా చెప్పాలి. అడవిలో గంజాయి సాగు చేసే ముఠా ఒకటి ఉంటుంది. ఆ సీన్లు వచ్చినప్పుడల్లా వేరే సిరీస్‌లోకి వెళ్లిపోయినట్టు ఉంటుంది, నేనైతే ఆ టైంలో లేచి కూర తిప్పొచ్చాను. జాక్‌కి అంతకుముందే చార్మేన్ అనే ఆవిడతో సంబంధం ఉంటుంది. మెల్ రాగానే ఆవిడని పక్కకి నెట్టేసి, ఆవిడ బాధపడితే అది గయ్యాళితనం అన్నట్టు చూపించడం నాకు అన్యాయంగా అనిపించింది. మెల్ దుఃఖానికి అంత ఓపిక పట్టిన రచయితలు చార్మేన్‌కి కాస్త కూడా పట్టలేదు.

లొకేషన్లు చూసి 'అబ్బ, కాలిఫోర్నియా' అనుకోకండి. తీసింది కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలో. మెల్ క్యాబిన్ నార్త్ వాంకూవర్‌లో ఒక పార్కులో ఉంది. జాక్ బార్ స్క్వామిష్ దగ్గర నది ఒడ్డున నిజంగా నడిచే రెస్టారెంట్. వాంకూవర్ వైపు ఉన్న మన తెలుగువాళ్లు ఎవరైనా వెళ్లొస్తే నాకు ఫోటో పంపండి. కథ రాబిన్ కార్ నవలల నుంచి తీసుకున్నారు, మొదటిది 2007లో వచ్చింది, ఆ వరసలో ఇరవైకి పైగా ఉన్నాయి. సిరీస్‌గా మలిచిన సూ టెన్నీ అంతకుముందు హాల్‌మార్క్ ఛానల్‌కి ఇలాంటి చిన్న ఊరి కథలే చేసింది. ఆ అలవాటు కనిపిస్తూనే ఉంటుంది, ఊళ్లో ఎవరి ఇంట్లోనూ అంట్లు పేరుకుపోవు!

ఇప్పుడు చెవులు మూసుకోండి, తర్వాతి సీజన్ల ముచ్చట. చార్మేన్ గర్భవతి అని 2019 సీజన్లో చెప్తారు. 2023లో ఐదో సీజన్ వచ్చేసరికి కూడా ఆవిడ కడుపుతోనే ఉంది. కథలో గడిచింది కొన్ని నెలలే అంటారు, కానీ చూసేవాళ్లకి నాలుగేళ్లు కదండీ! మన డైలీ సీరియళ్లని ఆడిపోసుకున్నందుకు నాలుక కరుచుకున్నాను. సరే, చెవులు తెరవొచ్చు.

మొత్తానికి మొదటి సీజన్‌కి నేను పదికి ఏడు ఇస్తాను. పెద్దవాళ్లతో కూర్చుని చూడొచ్చు, ఒకట్రెండు సీన్లలో రిమోట్ చేతిలో ఉంటే చాలు. ఇంగ్లీష్ తేలిగ్గా ఉంటుంది, సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే ఇబ్బందే లేదు. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లో ఈ మధ్య బిడ్డని పోగొట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, 'హాయిగా ఉంటుందట' అని వాళ్లకి చెప్పకుండా పెట్టేయకండి. ఆసుపత్రి ఫ్లాష్‌బ్యాక్‌లు చెప్పాపెట్టకుండా వస్తాయి. ముందు మీరు చూడండి, లిలీ కథ ముగిసేదాకా. చూశాక జాక్ ఆ ఇల్లు బాగుచేయడం మీకు ప్రేమలా అనిపించిందా, తొందరపాటులా అనిపించిందా కామెంట్లో రాయండి. మా అమ్మకి ప్రేమే అనిపించింది, నాతో ఇంకా వాదిస్తూనే ఉంది.