ఆ కీచుమోత యాంప్లిఫయర్‌దా, నా చెవిదా? | మూడు వారాల వాడకం తర్వాత రివ్యూ

వీక్షకులకు నమస్కారం. నా ముందున్న ఈ హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌ను, అంటే హెడ్‌ఫోన్‌కు వెళ్లే శబ్దానికి బలం పెంచే పెట్టెను, తయారీ సంస్థవారే ఉచితంగా పంపించారు. రివ్యూ కోసం డబ్బు ఇవ్వలేదు, నేను అడగనూ లేదు. దీని పేరు, ధర, ఇతర వివరాలు తెరమీద కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి, లోపల ఏ చిప్ ఉంది, ఎన్ని మిల్లీవాట్లు ఇస్తుంది అనే చర్చలోకి నేను వెళ్లడం లేదు. నాకు నిద్ర లేకుండా చేసిన ఒకే ఒక్క విషయం గురించి మాట్లాడతాను. అది ఎడమ చెవిలో వినిపించిన సన్నని కీచుమోత.

మొదటి రాత్రి వీణ కచేరీ రికార్డింగు వింటూ ఉండగా, ఆలాపన ఆగిన చోటల్లా ఎక్కడో దూరాన కీచురాయి అరుస్తున్నట్టు వినిపించింది. వాల్యూమ్ తగ్గించినా, చివరికి సున్నాకు తెచ్చినా ఆ మోత తగ్గలేదు. వాల్యూమ్ గుండీ తిప్పితే పెరిగే శబ్దం పాట వచ్చే దారిలో, గుండీకి ముందే కలిసినదని, తిప్పినా మారని శబ్దం గుండీ తర్వాతి అవుట్‌పుట్ భాగంలో పుట్టినదని ఇన్నేళ్లుగా మీకు చెబుతూ వచ్చినవాణ్ణి నేనే కనుక, ఆ ధీమాతో సంస్థకు కాస్త ఘాటుగానే మెయిల్ రాశాను. గుండీని లెక్కచేయని శబ్దం వినేవాడి చెవిలోనూ ఉండవచ్చునని ఆ రాత్రి నాకు తట్టలేదు.

తట్టకపోవడానికి కారణం ఉంది. హెడ్‌ఫోన్ తీయగానే మోత మాయమైంది, పెట్టుకోగానే మళ్లీ వచ్చింది. ఇక నేరం రుజువైపోయిందనుకున్నాను. నిజానికి ఆ పరీక్షే తప్పు. చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఫ్యాను చప్పుడు, వీధిలోని రొద బయటే ఆగిపోతాయి. అప్పటిదాకా వాటి చాటున ఉన్న చెవిలోని హోరు, అంటే వైద్యులు టిన్నిటస్ అనేది, ఒక్కసారిగా బయటపడుతుంది. హెడ్‌ఫోన్ తీస్తే ఫ్యాను చప్పుడు తిరిగొచ్చి దాన్ని మళ్లీ కప్పేస్తుంది. చేయవలసిన పని వేరే ఉంది: హెడ్‌ఫోన్‌ను తలమీదే ఉంచి, యాంప్లిఫయర్ నుంచి ప్లగ్ లాగేయాలి. అప్పటికీ వినిపించేదానికి యాంప్లిఫయర్‌తో సంబంధం లేదు.

నేను ప్లగ్ లాగలేదు. ఆ పని కరెంటు కోత చేసింది. యాంప్లిఫయర్ దీపం ఆరిపోయింది, ఫ్యాను ఆగింది, మోత మాత్రం మునుపటికన్నా స్పష్టంగా వినిపించింది. చీకట్లోనే హెడ్‌ఫోన్‌ను తిరగేసి, ఎడమ కప్పును కుడి చెవికి పెట్టుకున్నాను. శబ్దం కప్పుతోపాటు కుడివైపుకు వెళ్లకుండా నా ఎడమ చెవిలోనే ఉండిపోయింది. పళ్లు బిగిస్తే అది కొంచెం పెరిగింది కూడా. టిన్నిటస్ ఉన్నవారిలో చాలామందికి దవడనో మెడనో బిగిస్తే ఆ మోత మారుతుంది. ఏ యాంప్లిఫయరూ మన పళ్లను చూసి స్వరం మార్చదు. అయితే చెవిలో దూర్చే ఇయర్‌ఫోన్‌తో ఈ పరీక్ష చేయకండి, ఎందుకంటే దవడ కదిలితే దాని బిగువు సడలి అసలు శబ్దమే మారిపోతుంది.

నాయిస్ క్యాన్సలింగ్, అంటే బయటి చప్పుడును అణిచే ఏర్పాటు, ఉన్న హెడ్‌ఫోన్లలో బ్లూటూత్ మీద వింటున్నప్పుడు లాగడానికి ప్లగ్ ఉండదు, పైగా వాటి మైకుల వల్ల, సర్క్యూట్ వల్ల సన్నటి బుస ఎంతో కొంత ఉంటుంది. వాటిని ఆఫ్ చేసి చూడవలసిందే కానీ, ఆఫ్ చేస్తే బయటి చప్పుడు లోపలికి వస్తుంది కనుక ముందు గదిలో ఫ్యాను ఆపండి.

అలాగని యంత్రాలన్నీ నిర్దోషులని నేను అనడం లేదు. గతంలో నా దగ్గరున్న ఒక ఇయర్‌ఫోన్ ఏ ఫోనుకు తగిలించినా కుక్కర్ ఆవిరిలా బుసకొట్టేది. అది అతి సున్నితమైనది కావడంతో మైక్రోవోల్టుల్లో, అంటే వోల్టులో పది లక్షలవ వంతుల్లో, ఉండే అవుట్‌పుట్ రొదను కూడా వినిపించేది. ఈ యాంప్లిఫయర్‌లోనూ ఒక నిజమైన లోపం ఉంది, అది నాకు చాలా చిరాకు తెప్పించింది. ల్యాప్‌టాప్‌ను ఛార్జింగ్‌లో పెట్టి యూఎస్‌బీ ద్వారా కలిపితే, రెండు చెవుల్లోనూ ఇంటి కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ మోత గుర్రుమంటుంది, మౌస్ కదిలించినప్పుడల్లా దానిమీద జరజరమని మరో చప్పుడు వస్తుంది. ఛార్జర్ తీస్తే రెండూ ఆగిపోతాయి. ఈ ధరకు అమ్ముతూ ఆ రొద వచ్చే దారిని, అంటే యూఎస్‌బీ తీగలోని గ్రౌండ్‌ను, వేరుచేసే ఏర్పాటు చేయకపోవడం నాకు పిసినారితనంగానే తోచింది.

చెవిలో మోత వినిపించిందని వెంటనే బెంబేలెత్తవలసిన పనిలేదు. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెడితే, వారిలో 94 శాతం మంది తమకు ఏదో ఒక శబ్దం వినిపిస్తోందని చెప్పారు. కానీ మోత నాడితోపాటు కొట్టుకుంటున్నా, ఒక్క చెవిలోనే ఉన్నా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాలి. దానితోపాటు వినికిడి హఠాత్తుగా తగ్గితే ఒక్క రోజు కూడా ఆగకూడదు. నాది ఒక్క చెవి కాబట్టి నేనూ వెళ్లాను. వినికిడి పరీక్ష పటంలో (ఆడియోగ్రామ్) ఎడమ చెవి గీత 4000 హెర్ట్జ్ స్థాయి దగ్గర కాస్త కిందికి దిగింది, అంటే అక్కడ వినికిడి కొంచెం తగ్గింది. పెద్ద శబ్దాలు చెవిమీద వదిలే గుర్తు సాధారణంగా అక్కడే కనిపిస్తుంది. వారానికి 40 గంటలు వినేవారు 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం చెబుతుంది. వీడియో ఎడిటింగ్ చేసే రోజుల్లో నేను ఆ హద్దు ఎన్నిసార్లు దాటానో లెక్కే లేదు.

ఇక తీర్పు. యూఎస్‌బీ విషయంలో ఎన్ని మార్కులు తగ్గించాలో అన్నీ తగ్గించినా, ఈ యాంప్లిఫయర్‌ను నేను కొనమనే చెబుతాను. నా చెవి మోత నాకు వినిపించేంత నిశ్శబ్దంగా ఉన్న యాంప్లిఫయర్ నా బల్లమీదికి ఇంతకుముందు రాలేదు. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీమీద నడుపుకోగలిగితే నిశ్చింతగా తీసుకోండి. సంస్థకు క్షమాపణ చెబుతూ రెండో మెయిల్ రాశాను. ఆలోగానే వారు నా మొదటి మెయిల్ చూసి మర్యాదగా ఇంకో యాంప్లిఫయర్ పంపించేశారు. అది సీలు కూడా విప్పకుండా ఇక్కడే ఉంది, రేపు కొరియర్‌లో తిరిగి పంపాలి.