శ్లాబు ఇంట్లో వైఫై: రౌటర్ కొనేముందు ఇల్లంతా ఒకసారి నడవండి

(దృశ్యం: నెల్లూరు వేదాయపాళెంలో ఒక రెండంతస్తుల ఇల్లు. ముందుగదిలో టీవీ వెనుక, నేలకు మూరెడు ఎత్తున గోడకు బిగించిన ఫైబర్ పెట్టె. దాని మీద దుమ్ము పేరుకుని ఉంటుంది.)

నమస్కారం. ఇంట్లో అన్ని గదులకూ వైఫై అందాలంటే ఎటువంటి రౌటర్ కొనాలన్నది ఈ వీడియో విషయం. ముందుగా, మా ఇంటికి ఇంతకాలం వైఫై ఇచ్చిన ఈ ఫైబర్ పెట్టె ఇక్కడికి ఎలా చేరిందో చెబితే సగం విషయం చెప్పినట్టే. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రవాడు వీధిలోని కరెంటు స్తంభం నుంచి ఫైబర్ తీగను లాగి, కిటికీ చువ్వల సందులోంచి లోపలికి తెచ్చి, ప్లగ్గు కనబడిన మొదటి చోట దీనిని బిగించి వెళ్ళాడు. అతనిని తప్పు పట్టలేము. తీగ ఎంత తక్కువ పడితే అతని పని అంత త్వరగా తెములుతుంది. ఆ తరువాత రెండేళ్ళపాటు, మేడమీది గదిలో పిల్లల ఆన్‌లైన్ క్లాసు ఆగినప్పుడల్లా మేము కంపెనీని తిట్టుకున్నాము. చివరికి ట్రంకు రోడ్డులో ఒక దుకాణదారు ఆరు యాంటెన్నాల రౌటర్ చూపించి "ఇది పెడితే పక్క వీధి దాకా వస్తుంది సార్" అంటే, డబ్బు తీయబోయి ఎందుకో ఆగాము. కొనకముందు ఇంట్లో ఒక ఆదివారం తీసిన కొలతలనే ఇప్పుడు చూపిస్తున్నాను.

(దృశ్యం: ఫైబర్ పెట్టె నుంచి ల్యాప్‌టాప్‌కు పసుపు రంగు ల్యాన్ కేబుల్. తెర మీద స్పీడు పరీక్ష నడుస్తూ ఉంటుంది.)

మొదట తేల్చుకోవలసింది, లోపం వీధిలోంచి వచ్చే లైనులో ఉందా, ఇంట్లోని గాలిలో ఉందా అన్నది. వైఫై ఆపి, ల్యాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ను నేరుగా పెట్టెకు కలిపి పరీక్షించండి. మీ ప్లాను వేగం 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) అయి, కేబుల్ మీద 90కి పైగా వస్తూ ఉంటే లైను బాగున్నట్టే. కేబుల్ మీదే 30 వస్తూ ఉంటే ఎంత ఖరీదైన రౌటర్ తెచ్చినా 30 కన్నా ఎక్కువ రాదు. అప్పుడు కంపెనీకే ఫోను చేయాలి.

మా లైను బాగానే ఉంది. కాబట్టి ఇక నడవాలి.

(దృశ్యం: చేతిలో ఫోను. వైఫై బలాన్ని అంకెల్లో చూపే ఆప్ తెరిచి ఉంది. కెమెరా ఫోను వెంట గది గదికీ కదులుతుంది.)

ఫోను పైభాగంలో కనిపించే గీతలను నమ్మవద్దు. వైఫై బలాన్ని డీబీఎం అనే కొలతలో చూపే ఉచిత ఆప్‌లు దొరుకుతాయి. అందులో అంకె ముందు మైనస్ గుర్తు ఉంటుంది కనుక సున్నాకు దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ. మూడు తగ్గితే, అంటే మైనస్ 36 కాస్తా మైనస్ 39 అయితే, బలం సగమవుతుంది, పది తగ్గితే పదో వంతు అవుతుంది. ఈ లెక్క మనసులో పెట్టుకుని చూడండి. టీవీ ముందు మైనస్ 36. భోజనాల గదిలో మైనస్ 57. వంటగదిలో మైనస్ 69. మేడమీది వెనక గదిలో మైనస్ 83. మొదటి అంకెకూ చివరి అంకెకూ తేడా 47, అంటే టీవీ దగ్గర దొరికే శక్తిలో మేడమీదికి చేరుతున్నది సుమారు యాభై వేలవ వంతు. వీడియో కాల్ నిలకడగా సాగాలంటే మైనస్ 67 లేదా అంతకన్నా మెరుగుగా ఉండాలి. మైనస్ 80 దాటితే కనెక్షన్ పేరుకు మాత్రమే ఉంటుంది.

వంటగదిలో ఒక చిన్న విషయం గమనించాము. గట్టు దగ్గర మైనస్ 69 చూపిన ఫోనును రెండడుగులు పక్కకు జరిపితే మైనస్ 61కి వచ్చింది. కారణం వెతికితే, గోడకు అవతల పడకగదిలో, సరిగ్గా ఆ దారికి అడ్డంగా ఇనుప బీరువా నిలబడి ఉంది. ఇనుము ఈ తరంగాలను వెనక్కి కొడుతుంది. అందుకే బీరువా, ఫ్రిజ్జు, నిలువుటద్దం వెనుక ఉన్న పూత కూడా వైఫైకి గోడల కన్నా పెద్ద అడ్డంకులు. నీరు తరంగాలను పీల్చుకుంటుంది కనుక నీళ్ళ ట్యాంకు పక్కన రౌటర్ పెట్టడమూ అంతే.

ఇక శ్లాబు సంగతి. మన ఇళ్ళలో తొమ్మిది అంగుళాల ఇటుక గోడను వైఫై ఎంతో కొంత బలం పోగొట్టుకుని దాటుతుంది. కానీ శ్లాబులో కాంక్రీటుతో పాటు ఇనుప చువ్వల వల కూడా ఉంటుంది. పైగా రౌటర్ ఇంటి ముందు మూలన, గది మేడమీద వెనక మూలన ఉంటే తరంగం శ్లాబును నిట్టనిలువుగా కాక ఏటవాలుగా కోసుకుంటూ పోవాలి. అయిదంగుళాల శ్లాబు అప్పుడు దానికి అంతకు రెట్టింపు మందంగానో, ఇంకా ఎక్కువగానో తగులుతుంది. మా వెనక గదికి ఏమీ అందకపోవడానికి అసలు కారణం ఇదే.

(దృశ్యం: నల్లబల్ల మీద రెండు బొమ్మలు. ఒకటి గుండ్రటి గుమ్మడికాయ, రెండవది పలుచని అట్టు. రెంటి మధ్యలో నిలబడిన యాంటెన్నా.)

ఇప్పుడు ఆ ఆరు యాంటెన్నాల మాట చూద్దాము. యాంటెన్నా కొత్తగా శక్తిని పుట్టించదు. ఉన్న శక్తిని ఒక ఆకారంలో పరుస్తుంది. శక్తిని ఒక వైపుకు ఎంతగా కూడదీస్తుందో చెప్పే అంకెను గెయిన్ అంటారు. అది ఎక్కువైన కొద్దీ గుమ్మడికాయలా ఉన్న ఆకారం అట్టులా పలుచనై పక్కలకు పరుచుకుంటుంది, ఆ మేరకు పైకీ కిందికీ తగ్గుతుంది. అంటే నిలువుగా నిలబెట్టిన యాంటెన్నాలు అదే అంతస్తులోని గదులకు మేలు చేస్తూ, మేడమీది గదికి అన్యాయం చేస్తాయి. రెండు అంతస్తులకూ ఒకే రౌటర్ పెట్టుకున్నవారు ఒక యాంటెన్నానైనా పక్కకు పడుకోబెట్టి చూడాలి.

అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. వైఫై అంటే ఇద్దరి సంభాషణ. పెన్నకు ఆ గట్టున ఒకాయన మైకు పెట్టి పిలిస్తే మనకు వినబడుతుంది కానీ, మనం ఈ గట్టు మీద నుంచి ఉత్త గొంతుతో పలికిన జవాబు ఆయనకు వినబడదు. రౌటర్ ఎంత గట్టిగా అరిచినా, ఫోనులోని చిన్న యాంటెన్నా, చిన్న బ్యాటరీ అంత గట్టిగా బదులు చెప్పలేవు. గీతలు నిండుగా ఉండి కూడా ఏమీ తెరుచుకోకపోవడం మీరు చూసే ఉంటారు. చాలాసార్లు దానికి మూలం ఇదే.

(దృశ్యం: రెండు రౌటర్ల అట్టపెట్టెలు. కెమెరా పెట్టె మీది అంకెల దగ్గరకు వెళుతుంది.)

రౌటర్ తరంగాలను పంపే దారులను బ్యాండులు అంటారు. అట్టపెట్టె మీద ఏసీ 1200 అని ఉంటే, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులోని 300 ఎంబీపీఎస్‌నూ, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులోని 867నూ కలిపి పైకి సవరించిన అంకె అది. మీ ఫోనుకు ఆ మొత్తం ఎప్పుడూ దక్కదు. ఈ రెండు బ్యాండులలో 2.4 గోడలను కొంత మెరుగ్గా దాటుతుంది కానీ ఇరుకైనది; అందులో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్ళు (బ్యాండులోని చిన్న చిన్న వరుసలు) 1, 6, 11 అనే మూడే. మాగుంట లేఅవుట్‌లోని ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా పాతిక రౌటర్లు ఆ మూడింటి కోసం తోసుకుంటూ ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ విశాలమైనది, వేగమైనది, అయితే గోడ అడ్డం వస్తే త్వరగా నీరసిస్తుంది. రెండు బ్యాండులూ ఉన్నదే తీసుకోవాలి, ఎందుకంటే సీసీ కెమెరాలు, స్మార్ట్ బల్బులు చాలావరకు 2.4 మీదనే పనిచేస్తాయి.

వైఫై 6, అంటే ఆరవ తరం వైఫై, ఉన్న రౌటర్ కొనమనే నా సలహా. దూరం పెద్దగా పెరగదు, ఆ ఆశ వద్దు. ఇంట్లో ఫోన్లు, టీవీలు, కెమెరాలు కలిపి పది పదిహేను ఒకేసారి వాడుతున్నప్పుడు తోపులాట తగ్గుతుంది. వైఫై 7 కోసం అదనంగా ఖర్చు పెట్టవలసిన అవసరం మామూలు ఇంటికి నాకు కనబడలేదు. కానీ వెనుక ఉన్న పోర్టులు మాత్రం తప్పక చూడండి. చవక రౌటర్లలో అవి 100 ఎంబీపీఎస్‌వి ఉంటాయి. మీరు 200 ఎంబీపీఎస్ ప్లానుకు నెలనెలా డబ్బు కడుతూ, అటువంటి రౌటర్ తగిలిస్తే 95 దగ్గరే ఆగిపోతుంది. గిగాబిట్ పోర్టులు (1000 ఎంబీపీఎస్‌వి) అని రాసి ఉన్నదే తీసుకోండి. యాక్సెస్ పాయింట్ మోడు (కేబుల్‌తో వచ్చిన లైనును వైఫైగా పంచడం మాత్రమే చేసే పద్ధతి), మెష్‌గా, అంటే కేబుల్ లేకుండా గాలిలోనే కలిపి, మరొకటి జతచేసుకునే వీలు కూడా ఉంటే రేపు పనికివస్తాయి.

(దృశ్యం: మెట్ల మలుపు. మనిషి తల ఎత్తున చిన్న చెక్క బల్ల, దాని మీద కొత్త రౌటర్. గోడ అంచు వెంట క్లిప్పులతో కొట్టిన ల్యాన్ కేబుల్.)

మేము చివరికి చేసింది ఇది. శ్లాబుకు ఉన్న ఒకే ఒక పెద్ద రంధ్రం మెట్ల దారి. ఫైబర్ పెట్టెను కదిలించకుండా, దాని నుంచి పన్నెండు మీటర్ల క్యాట్ 6 రకం ల్యాన్ కేబుల్‌ను మెట్ల మలుపు దాకా లాగి, అక్కడ రెండు యాంటెన్నాల మామూలు వైఫై 6 రౌటర్‌ను పెట్టాము. పాత పెట్టెలోని వైఫైని ఆపేశాము. మేడమీది గది మైనస్ 83 నుంచి మైనస్ 64కు వచ్చింది, వంటగది మైనస్ 58కి వచ్చింది.

ఇల్లు ఇంకా పెద్దదైతే రెండవ యాక్సెస్ పాయింట్‌ను కేబుల్‌తోనే కలపడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. ఈ కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. కేబుల్ లాగడం కుదరకపోతేనే మెష్. దానిలో రెండవ పెట్టెను సిగ్నల్ లేని గదిలో పెట్టడం అందరూ చేసే పొరపాటు. దానికే అందనిది అది మనకేమి ఇస్తుంది? సిగ్నల్ ఇంకా బాగున్న నడిమి చోట పెట్టాలి. చవక రిపీటర్లు విన్న ప్రతి మాటనూ అదే ఛానల్‌లో తిరిగి పలుకుతాయి కనుక వేగం సగానికి పడిపోతుంది. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర షెడ్డులో కెమెరా పెట్టుకోవాలనుకునేవారికి ఇంటి రౌటర్ ఏదీ పనికిరాదు. ఎదురెదురుగా బిగించే ఆరుబయటి వైర్‌లెస్ బ్రిడ్జి జతను అడగండి.

(దృశ్యం: రౌటర్ అడాప్టర్ మీది చిన్న అక్షరాలు, దగ్గరగా.)

నమ్మకం అన్నది సగం కరెంటు వ్యవహారం. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు ఎన్ని గంటలు చీకట్లో ఉన్నామో మీకు గుర్తుండే ఉంటుంది. అంత దాకా ఎందుకు, మామూలు రోజున ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో కూడా రౌటర్ ఆగి, మళ్ళీ లేచి నిలబడడానికి రెండు నిమిషాలు తీసుకోవచ్చు. రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ ఈ బాధ తప్పిస్తుంది. కొనేముందు అడాప్టర్ మీద చూడండి: 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే అది 12 వాట్లు. ఫైబర్ పెట్టె ఆగిపోతే రౌటర్ వెలిగి ఉండీ లాభం లేదు కనుక రెంటినీ కలిపి లెక్క వేయాలి. కొన్ని పెట్టెలు 9 వోల్టులవి ఉంటాయి, వాటికి 12 తగిలించకూడదు. రౌటర్ పాడైందని పారేసే ముందు, అదే వోల్టేజీతో, అంతే లేదా అంతకన్నా ఎక్కువ ఆంపియర్లున్న వేరే అడాప్టర్ పెట్టి చూడండి.

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో రౌటర్‌ను అద్దాల షోకేసులో మూసిపెట్టవద్దు; గాలి తగలాలి.

కొత్తది తెచ్చిన రోజునే, తిరిగి ఇచ్చే గడువు ముగియకముందే, మొదట కొలిచిన ఆ నాలుగు చోట్లనే మళ్ళీ కొలవండి. పాత అంకెలు కాగితం మీద రాసి ఉంచుకుంటేనే పోల్చుకోగలరు. గది తలుపు మూసి కూడా ఒకసారి కొలవండి. మేము తెరిచి ఉంచి కొలిచి సంబరపడ్డాము. ఆ రాత్రి తలుపు వేసుకున్నాక మైనస్ 64 కాస్తా మైనస్ 68 అయింది, మరుసటి రోజు రౌటర్ బల్లను ఇంకో జానెడు పైకి జరపవలసి వచ్చింది.