మోకాలి గుజ్జు జెల్‌లో పెరుగుతుందా?

అందరికీ నమస్కారం.

యాభై దాటినవాళ్లు నలుగురు ఒకచోట కూర్చుంటే "నా మోకాలి గుజ్జు అరిగిపోయిందట" అనే మాట రాక మానదు. డాక్టర్లు చెప్పే మృదులాస్థికి మనం పెట్టుకున్న పేరు గుజ్జు. నిజానికి అది గుజ్జులా ఉండదు. నాటుకోడి కాలు విరిస్తే ఎముక చివర తెల్లగా, జారుడుగా మెరిసే పొర కనిపిస్తుంది కదా, అదే. మన మోకాల్లో దాని మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. నడిచేటప్పుడు ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు దాని మీదే పడుతుంది.

ఆ పొరలో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. "మరి నొప్పెందుకండీ?" అని మా అత్తయ్య నిలదీసింది. నొప్పి దాని కింది ఎముకది, చుట్టూ ఉన్న పొరలది. రక్తం అందదు, కణాలు బహు తక్కువ, కాబట్టి దెబ్బతింటే సరిగ్గా మానదు. ఒకసారి పాడైతే ఇది బాగుపడదని విలియం హంటర్ అనే వైద్యుడు 1743లోనే లండన్ రాయల్ సొసైటీకి ఇచ్చిన పత్రంలో రాశాడు.

బయట పెంచి లోపల పెడదామంటే కణాలతో ఒక పేచీ ఉంది. మృదులాస్థి కణాన్ని ప్లాస్టిక్ పాత్రలో వేస్తే అడుగుకు అతుక్కుని, రొట్టె పిండిలా సాగుతుంది. కొన్ని వారాల్లో సంఖ్య బాగా పెరుగుతుంది, పని మాత్రం మరిచిపోతుంది. కొల్లాజెన్ అంటే ఒంటికి బలమిచ్చే నారలాంటి ప్రొటీన్. కీలుకు కావలసిన రెండో రకం కొల్లాజెన్ మానేసి, చర్మంలో, గాయపు మచ్చల్లో ఉండే మొదటి రకం తయారు చేస్తుంది.

1982లో బెన్యా, షాఫర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇలా పని మరిచిన కుందేలు కణాలను తీసుకుని అగరోజ్ జెల్‌లో కలిపారు. అగరోజ్ అంటే మన వంటింటి చైనా గ్రాస్‌ను శుద్ధి చేస్తే వచ్చేదే. అతుక్కోవడానికి అడుగు లేక కణాలు మళ్లీ గుండ్రంగా మారాయి, రెండో రకం కొల్లాజెన్ మొదలుపెట్టాయి. మందు వేయలేదు, జన్యువు మార్చలేదు, ఉండే చోటు మార్చారంతే. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇది.

రోగి సొంత మృదులాస్థి కణాలను పెంచి మోకాల్లో పెట్టిన ఫలితాలు 1994లో స్వీడన్ నుంచి వచ్చాయి. అయితే అందుకు బాగున్న చోట కొంత కోయాలి. అందుకే మూలకణాల (స్టెమ్ సెల్స్) వైపు, అంటే వేరే రకం కణాలుగా మారగల కణాల వైపు చూశారు. ఎముక మజ్జలోని మూలకణాలను చిన్న ముద్దగా చేసి, టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్ ఇస్తే మృదులాస్థి అవుతుందని 1998లో అమెరికాలో జాన్‌స్టన్ బృందం చూపింది.

మా ప్రయోగశాలలో, మా బల్ల దగ్గర జరిగేది చెబుతాను. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌ను పలచటి పాకంలా చేసి, అందులో కణాలు కలుపుతాం. సిరంజిలో నింపి, కాల్షియం క్లోరైడ్ నీళ్లలోకి చుక్క చుక్కగా వదులుతాం. నీళ్లు తగలగానే చుక్క గట్టిపడి ఉడికిన సగ్గుబియ్యపు గింజలా అవుతుంది. ఒక్కో గింజలో వేల కణాలు, ఎవరి గది వాళ్లది. తర్వాత మూడు నాలుగు వారాలు పండగైనా పబ్బమైనా రెండు మూడు రోజులకోసారి పోషక ద్రవం మార్చాలి. అందులో టీజీఎఫ్-బీటా, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, విటమిన్ సి ఉంటాయి. విటమిన్ సి లేకుంటే కొల్లాజెన్ సరిగ్గా పేనుకోదు. చివర్లో గింజను పలచగా కోసి సాఫ్రనిన్ రంగు వేస్తాం. కణం చుట్టూ ఎర్రటి వలయం కనిపించిందా, మృదులాస్థి తయారవుతున్నట్టే, ఆ రోజు టీ ఖర్చు నాదే.

ఎప్పుడూ అలా కుదరదు. మొదట్లో ఒకసారి తొందరపడి, అగరోజ్ తగినంత చల్లారకముందే కణాలు కలిపేశాను. మర్నాడు రంగులు వేసి చూస్తే మైక్రోస్కోప్‌లో బతికినవి ఆకుపచ్చగా, చచ్చినవి ఎర్రగా కనిపించాలి. మొత్తం ఎరుపే! నెల రోజులు పెంచిన కణాలు.

అసలు టెన్షన్ ఇంకోటి ఉంది. మూలకణం మృదులాస్థి దగ్గర ఆగదు. గర్భంలో మన కాళ్ల ఎముకలన్నీ ముందు మృదులాస్థిగా ఏర్పడి తర్వాతే ఎముకలయ్యాయి. మజ్జ మూలకణానికి ఆ దారి బాగా తెలుసు. అది ఉబ్బి, పదో రకం కొల్లాజెన్ చేసి, ఎముక వైపు నడుస్తుంది. 2006లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పరిశోధకులు ఇలా పెంచిన ముద్దలను ఎలుకల చర్మం కింద పెడితే సున్నం పేరుకుంది, రక్తనాళాలు చొచ్చుకొచ్చాయి. కీలు మీద ఎముక మొలిస్తే ఏం లాభం? అందుకే జెల్ గట్టిదనం మార్చి చూస్తున్నాం, ఆక్సిజన్ తగ్గించి చూస్తున్నాం, పెరిగేటప్పుడే లయగా నొక్కి చూస్తున్నాం. నా లెక్కలో మృదులాస్థిని పుట్టించడం సగం పనే, దాన్ని అక్కడే ఆపడం మిగతా సగం.

వైద్యంలోకి అసలు రాలేదా అంటే, వచ్చింది. బొడ్డుతాడు రక్తపు మూలకణాలను హయలురోనిక్ ఆమ్లం (కీళ్ల ద్రవంలో సహజంగా ఉండే జిగురు పదార్థం) జెల్‌తో కలిపి మోకాల్లో పెట్టే చికిత్సకు దక్షిణ కొరియా 2012లో అనుమతి ఇచ్చింది. కానీ ఊరూరా బోర్డుల మీద కనిపించే "స్టెమ్ సెల్ ఇంజెక్షన్" అన్నిటినీ ఆ గాటన కట్టకండి. ఏ కణాలు, ఎన్ని, ఏ అనుమతితో అని అడగండి. ఇది ట్రయల్ (మనుషుల మీద చేసే పరీక్ష) అని వాళ్లు చెబితే, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో, అంటే అలాంటి పరీక్షలను నమోదు చేసే జాబితాలో, నంబరు చూపించమనండి. ట్రయల్ పేరు చెప్పి మందుకు డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

ఇక్కడ రెండు మైక్రోస్కోపులు పెట్టాం. ఎడమవైపు పాత్రలో సాగిపోయిన కణాలు, కుడివైపు జెల్‌లో ఇరవై ఎనిమిది రోజులున్నవి. ఇద్దరిద్దరుగా వచ్చి చూడండి. పిల్లల్ని ముందు రానివ్వండి, వాళ్లకు స్టూలు వేశాం.