'సి 70' అంటే ఎవరిది? పోర్ట్ వైన్ పొట్టి పేర్ల సంగతి

[తెరపై: తెల్లగుడ్డ పరిచిన బల్ల. వరసగా పది గాజు డికాంటర్లు, అంటే సీసాలోని వైన్‌ను వంపుకునే పాత్రలు. అన్నిట్లోనూ ఒకేలాంటి ముదురు ఎరుపు.]

ఈ పదింటిలో పది వేర్వేరు కంపెనీల వైన్ ఉంది. ఏది ఎవరిదో చూసి చెప్పడం నా వల్ల కాదు. ఎంతో అనుభవం ఉన్నవాళ్లకు కూడా రంగు చూసి పేరు చెప్పడం దాదాపు అసాధ్యం. చెప్పగలిగేది ఒక్కటే, మెడకు దారంతో కట్టిన ఆ చిన్న అట్టముక్క.

[తెరపై: అట్టముక్క దగ్గరగా. పెన్సిల్‌తో రాసి ఉంది: సి 70]

70 అంటే 1970 పంట. సరే. మరి ఈ 'సి' ఎవరు?

ఈ వీడియో అంతా ఆ ఒక్క అక్షరం గురించే. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, యాభై ఏళ్లకు పైగా భద్రంగా దాచిన సీసా తెరిచిన రోజున అది ఎవరి సీసానో తెలియకపోతే కలిగే బాధ చిన్నది కాదు.

అసలు అట్టముక్క అవసరం ఎందుకొచ్చిందో ముందు చూద్దాం.

పోర్ట్ వైన్ పుట్టిల్లు ఉత్తర పోర్చుగల్‌లోని దోరు నది లోయ. 1756లోనే అక్కడ ఏ నేలలో పండితే పోర్ట్ అనాలో సరిహద్దులు గీశారు. ద్రాక్షరసం పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష నుంచి తీసిన స్పిరిట్ పోసి ఆ పులియడాన్ని ఆపేస్తారు. అందుకే తీపి మిగిలిపోతుంది, ఆల్కహాల్ కూడా 20 శాతం దాకా ఉంటుంది. ఇందులో చాలా రకాలున్నాయి. మనకు కావాల్సింది వింటేజ్ పోర్ట్. ఒకే ఏడాది పంట, అదీ ఆ ఏడాది బాగా కుదిరిందని కంపెనీ ప్రకటిస్తేనే. దీన్ని 'డిక్లేర్ చేయడం' అంటారు. పదేళ్లలో సుమారు మూడుసార్లు జరుగుతుంది. కోత అయిన రెండు మూడేళ్లలోపే వడగట్టకుండా సీసాలో పోసేస్తారు. ఇక ఆపైన పండేదంతా సీసాలోనే, దశాబ్దాల తరబడి.

[తెరపై: కొవ్వొత్తి వెలుగులో సీసాను నిదానంగా వంపుతున్న చేతులు. చివర్లో నల్లటి మడ్డి మెడ దాకా వచ్చి ఆగుతుంది.]

వడగట్టలేదు కాబట్టి అడుగున మడ్డి చేరుతుంది. తాగే ముందు తేటను మాత్రం ఇలా మరో పాత్రలోకి వంపుకోవాలి. సరిగ్గా ఇక్కడే వైన్ తన పేరును పోగొట్టుకుంటుంది. లేబుల్, మెడ మీది సీలు, కార్క్ మీద ముద్రించిన పేరు అన్నీ ఖాళీ సీసా దగ్గరే ఉండిపోతాయి. వైన్ మాత్రం పేరు లేకుండా బల్ల మీదికొస్తుంది.

పాత సీసాలకైతే లేబుల్ ఉన్నా లేనట్టే. 1970 పంట దాకా చాలా పోర్ట్ పీపాల్లో ఇంగ్లండ్ వెళ్లేది. అక్కడి వ్యాపారులే సీసాల్లో నింపేవాళ్లు, ఎవరి లేబుల్ వాళ్లది. కొందరు లేబులే అంటించేవాళ్లు కాదు. నేలమాళిగ తేమకు ఊడిపోయినవి ఎన్నో. 1970ల మధ్య నుంచి వింటేజ్ పోర్ట్‌ను పోర్చుగల్‌లోనే సీసాల్లో నింపాలన్న నిబంధన వచ్చాక ఈ గందరగోళం తగ్గింది.

అలా అట్టముక్కలు, రుచి చూసే గ్లాసు కింద కాగితాలు, నోట్‌బుక్‌లో రాతలు మొదలయ్యాయి. చెయ్యి ఖాళీ ఉండదు, చోటు తక్కువ. 'టేలర్ ఫ్లాడ్‌గేట్ అండ్ యీట్‌మన్ 1963' అని ఎవరు రాస్తారు? 'టి 63' అంటారు. ఫొన్సెకా 1977 అయితే 'ఎఫ్ 77'. గ్రాహం 'జి', డౌ 'డి', వార్ 'డబ్ల్యూ'. పోర్ట్ ఇష్టపడేవాళ్లు కలిస్తే వినపడే భాష ఇదే.

నేనూ మొదట్లో ఇలాగే, ఎవరినీ అడగకుండా, నాకు తోచిన అక్షరాలు రాసుకునేదాన్ని. రెండేళ్ల తర్వాత నోట్‌బుక్ తెరిస్తే ఒక పేజీలో 'సి 70, చాలా బాగుంది, మళ్లీ దొరికితే కొనాలి' అని ఉంది. కొనాలి సరే, ఎవరిది కొనాలి? క్రాఫ్ట్ 1970 ఉంది. కోబర్న్ 1970 ఉంది. కాలెం 1970 కూడా ఉంది. ఆ పేజీ నాకు ఇప్పటికీ ఎందుకూ పనికిరాదు.

[తెరపై: 'సి' అక్షరం. దాని చుట్టూ ఒక్కొక్కటిగా పేర్లు: క్రాఫ్ట్, కోబర్న్, కాలెం, చర్చిల్స్, క్రాస్టో.]

'సి'కి ఇంత పోటీ. అందుకే ఆ అక్షరాన్ని ఎవరికీ ఒంటరిగా ఇవ్వకూడదని నా అభిప్రాయం. క్రాఫ్ట్ 1588లో మొదలైన సంస్థ, కోబర్న్ 1815 నాటిది. వయసు చూసి క్రాఫ్ట్‌కు ఇద్దామంటే కోబర్న్ అభిమానులు ఊరుకోరు, ఊరుకోవాల్సిన పనీ లేదు. ఇద్దరికీ రెండేసి అక్షరాలు ఇస్తే గొడవ ఉండదు. క్రాఫ్ట్‌కు 'సిఆర్', కోబర్న్‌కు 'సికె'.

ఈ 'సికె' దగ్గర ఒక చక్కటి విషయం ఉంది. పేరును పలకడం 'కోబర్న్' అనే. రాతలో మాత్రం మధ్యన సి, కె పక్కపక్కనే ఉంటాయి, నోటితో పలకరు. చెవికి వినపడినట్టు కుదిస్తే 'సిబి' అయ్యేది. కానీ సీసా మీద, కార్క్ మీద మన కళ్లు వెతికేది రాతను. పొట్టి పేరు ఉన్నది కంటి కోసం. కాబట్టి పలకని అక్షరాలే ఇక్కడ పనికొస్తాయి.

చర్చిల్స్ కథ వేరు. గ్రాహం కుటుంబం 1970లో తమ సంస్థను సిమింగ్టన్ కుటుంబానికి అమ్మేసింది. ఆ కుటుంబంలోని జాన్ గ్రాహం 1981లో కొత్తగా పోర్ట్ వ్యాపారం పెట్టినప్పుడు సొంత ఇంటిపేరు వాడే వీలు లేకపోయింది. భార్య పుట్టింటి పేరు పెట్టుకున్నాడు, చర్చిల్ అని. అంటే పుట్టుకతో 'జి' కావాల్సిన మనిషి, అప్పటికే కిక్కిరిసిన 'సి'లోకి వచ్చాడు.

ఇక్కడి నుంచే అసలు ప్రశ్న: పొట్టి పేరు ఎవరికి చెందాలి? యజమానికా, సీసా మీది పేరుకా? సిమింగ్టన్ల చేతిలో ఇప్పుడు గ్రాహం, డౌ, వార్, కోబర్న్, స్మిత్ వుడ్‌హౌస్, వేసూవియో అన్నీ ఉన్నాయి. టేలర్, ఫొన్సెకా, క్రాఫ్ట్ మూడూ మరో గూటిలో ఉన్నాయి. యజమానిని బట్టి రాస్తే చేతులు మారినప్పుడల్లా నోట్‌బుక్కులన్నీ దిద్దుకోవాలి. డౌ పోర్ట్‌ను చాలాకాలం నడిపిన సంస్థ పేరు సిల్వా అండ్ కోసెన్స్. దాన్ని 'ఎస్‌సి' అని ఎవరూ అనరు, 'డి' అనే అంటారు. విజయవాడ స్టేషన్ కోడ్ ఇప్పటికీ బెజవాడ నుంచి వచ్చిన 'బి.జెడ్.ఎ' అయినట్టే, జనం నోట్లో నిలిచిపోయినదాన్ని కదపకూడదు.

సీసా మీది పేరు కూడా ఒక్కోసారి అన్నిచోట్లా ఒకటి కాదు. టేలర్ అమెరికాలో 'టేలర్ ఫ్లాడ్‌గేట్' పేరుతో అమ్ముడవుతుంది, ఎందుకంటే న్యూయార్క్ రాష్ట్రంలో టేలర్ అనే వైన్ కంపెనీ ముందే ఉండేది. ఇక్కడ 'టి', అక్కడ 'టిఎఫ్' అని విడదీయడం అనవసరం. వైన్ ఒకటే.

'క్యూ' సంగతికొస్తే అది పూర్తిగా వేరే చిక్కు. పోర్చుగీసులో 'కింటా' అంటే తోట, ఎస్టేట్. రాతలో అది క్యూతో మొదలవుతుంది. కింటా దో నోవాల్, కింటా దో వేసూవియో, కింటా దో క్రాస్టో. మొదటి అక్షరమే తీసుకుంటే సగం లోయ 'క్యూ' అయిపోతుంది. కాబట్టి కింటాను వదిలేసి అసలు పేరు పట్టుకోవాలి. నోవాల్‌కు 'ఎన్'. క్వార్ల్స్ హారిస్ మాత్రం నిజంగానే క్యూతో మొదలయ్యే పేరు, 'క్యూహెచ్' దానికే.

[తెరపై: రెండు అట్టముక్కలు పక్కపక్కన. 'ఎన్ 31', 'ఎన్ఎన్ 31'.]

ఇక్కడ ఒక్క అక్షరం తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి. 19వ శతాబ్దంలో ఫిలాక్సెరా అనే పురుగు యూరప్ ద్రాక్షతోటల్ని నాశనం చేశాక, తీగల్ని అమెరికన్ వేళ్ల మీద అంటుకట్టడం మొదలుపెట్టారు. నోవాల్ ఎస్టేట్‌లో ఒక చిన్న తోట ముక్క మాత్రం అంటుకట్టకుండా సొంత వేళ్ల మీదే పెరుగుతోంది. దేశపు మట్టిలో సొంత వేరు, అందుకే దానికి 'నాసియోనాల్' అని పేరు. అక్కడి నుంచి చాలా కొద్ది సీసాలే వస్తాయి. 1931 పంటలో నోవాల్ మామూలు వింటేజే గొప్పది, నాసియోనాల్ అయితే పోర్ట్ చరిత్రలోనే పెద్ద పేరు. ధరలో తేడా చెప్పనక్కర్లేదు. రెండో 'ఎన్' రాయడం మర్చిపోతే ఆ రెండూ ఒకటైపోతాయి. ఇక నీపోర్ట్‌కు 'ఎన్' అసలు మిగలదు, 'ఎన్ఐ' రాయండి.

సంవత్సరం గురించి ఒక్కమాట. రెండంకెలు చాలనుకుంటాం. కానీ శాండెమన్ 1911లో వింటేజ్ చేసింది, 2011లోనూ చేసింది. 'ఎస్ 11' అంటే ఏది? టేలర్ 1863 నాటి టానీని, అంటే సీసాలో కాకుండా చెక్క పీపాల్లో పండిన పోర్ట్‌ను, ఈ మధ్యకాలంలో సీసాల్లో విడుదల చేసింది, అదీ 'టి 63' అయిపోతుంది. నాలుగంకెలూ రాస్తే అరక్షణం పడుతుంది. నేనిప్పుడు అలాగే రాస్తున్నాను, మీరూ అలాగే రాయమని అడుగుతున్నాను. టానీ అయితే పక్కన 'టానీ' అని కూడా పెట్టండి.

పదిమంది కలిసి రుచి చూసే రోజున ఇంకో పని చేయండి. మొదటి సీసా తెరవకముందే పొట్టి పేర్ల పట్టిక ఒక కాగితం మీద పూర్తి పేర్లతో రాసి బల్ల మధ్యలో పెట్టండి. కొత్తగా వచ్చినవాళ్లు అడగడానికి మొహమాటపడతారు, చూసి తెలుసుకుంటారు. సీసాలోంచి తీసిన కార్క్‌ను ఆ డికాంటర్ మెడకే కట్టేయండి.

[తెరపై: మళ్లీ మొదటి బల్ల. 'సి 70' అట్టముక్క. దాని వెనకాల దారానికి వేలాడుతున్న కార్క్. అడుగు భాగం మడ్డికి నల్లబడింది.]

దీనికి కట్టారు. కొంచెం తిప్పుదాం. అక్షరాలు సగం చెరిగిపోయాయి... చివరి రెండూ 'ఎఫ్', 'టి'. కింద 1970.

క్రాఫ్ట్.

[తెరపై: పెన్సిల్ పట్టుకున్న చెయ్యి 'సి' పక్కన 'ఆర్' చేరుస్తుంది, 70 ముందు 19 రాస్తుంది.]