ఆ రాత్రికి ముందు ముప్పై ఏడేళ్ళు

హెడ్‌మాస్టరు గారికి, టీచర్లకు, పెద్దలకు నమస్కారం. పిల్లలూ, ఎండలో ఉన్నవాళ్ళు ఇటు నీడలోకి జరగండి.

నేను సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యాను. కల్నల్ సంతోష్ బాబు సాబ్‌ని ఒక్కసారి కూడా చూసినవాణ్ణి కాదు. అందుకే మీ సారు మాట్లాడమని అడిగితే ముందు వెనకాడాను. తర్వాత ఒకటి అనిపించింది. ఏటా జూన్ 15 వస్తే మనం, 2020లో గల్వాన్ లోయలో చైనా సైనికులతో పోరాడుతూ ఆయన చనిపోయిన ఆ ఒక్క రాత్రి గురించే చెప్పుకుంటాం. ఆయన అంతకుముందు ముప్పై ఏడేళ్ళు బతికారు. దాని గురించి ఎవరో ఒకరు మీకు చెప్పాలి.

ఆయన 1983లో మన సూర్యాపేటలోనే పుట్టారు. నాన్నగారు బ్యాంకు ఉద్యోగి. తనకు సైన్యంలో చేరాలని ఉన్నా కుదరలేదని, అందుకే కొడుకును పంపానని ఆయనే చెప్పారు. 1993లో విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో చేర్పించారు, ఆరో తరగతిలో. మీలో ఆరో తరగతి వాళ్ళు ఒకసారి చేతులెత్తండి. చూశారా, ఇంత పిల్లవాడు. ఇల్లు ఐదు వందల కిలోమీటర్ల పైనే. అక్కడ ఏడేళ్ళు. 2000లో సైనిక అధికారులను తయారుచేసే ఖడక్‌వాస్లా ఎన్‌డీఏ, ఆ తర్వాత డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ. 2004 డిసెంబరులో 16 బీహార్‌లో లెఫ్టినెంట్‌గా చేరారు. అంటే అమ్మ చేతి ముద్ద రోజూ తిన్నది మొదటి పదేళ్ళే. ఆ తర్వాత ఆయనకు ఇల్లంటే సెలవులే.

16 బీహార్ అంటే ఏమిటో కాస్త చెప్పాలి. బీహార్ రెజిమెంటులో 16వ బెటాలియన్. పల్టన్ అంటాం మేం. చాలామంది ఆఫీసర్లకు చేరిన పల్టనే సొంత ఊరు లాంటిది. బయట ఎక్కడెక్కడికో పోస్టింగు మీద వెళ్తారు, మళ్ళీ అక్కడికే వస్తారు. ఈయన కశ్మీర్‌లో చేశారు, ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో కాంగో వెళ్ళొచ్చారు. 'బిర్సా ముండా కీ జై' అని నినదించే జవాన్ల మధ్య మన తెలుగబ్బాయి. 2019 డిసెంబరులో అదే పల్టన్‌కి సీఓ, అంటే కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు. సీఓ అంటే యుద్ధం నడిపించే మనిషి అనుకుంటారు. నిజమే. కానీ మిగతా రోజుల్లో దాదాపు ఎనిమిది వందల మందికి ఇంటి పెద్ద. ఎవడి చెల్లెలి పెళ్ళికి సెలవు కావాలి, ఊళ్ళో ఎవడి పొలం గట్టు జరిపేశారు, ఎవడు ఇంటినుంచి ఫోనొచ్చాక అన్నం మానేశాడు, అన్నీ తిరిగి తిరిగి సీఓ సాబ్ దగ్గరికే చేరతాయి. నా సర్వీసులో నేను చూసిన మంచి సీఓలందరూ అలాంటివాళ్ళే.

ఆయన పల్టన్‌తో లద్దాఖ్‌లో ఉంటే భార్య, ఇద్దరు పిల్లలు ఢిల్లీలో ఉన్నారు. పాపకు తొమ్మిదేళ్ళు, బాబుకు నాలుగు. అమ్మానాన్నలు ఇక్కడ. ఒక కుటుంబం, మూడు చోట్ల. చివరిసారి ఫోన్లో అమ్మ సరిహద్దు గొడవల గురించి అడిగితే, అవి నువ్వు అడగకూడదమ్మా, వచ్చాక మాట్లాడుకుందాం అన్నారట. పేపర్లో అది చదివి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా అమ్మకు నేనూ అదే మాట చెప్పేవాణ్ణి, ఎస్‌టీడీ బూత్‌లో మీటరు చూసుకుంటూ. ఆమె ఒక్క క్షణం ఆగి, "సరే, తిన్నావా?" అనేది. అడగాలనుకున్నదంతా ఆ 'తిన్నావా'లోనే ఉండేది. ఇంట్లో ఒకరు సైన్యంలో ఉంటే మిగతావాళ్ళకు అడగకుండా ఉండటం అలవాటు చేసుకోవాల్సి వస్తుంది. అది కూడా సేవే. దానికి పెన్షన్ లేదు, పతకం లేదు.

ఆ రాత్రి గురించి మీకు తెలుసు. మనకూ చైనాకూ మధ్య ఉన్న వాస్తవాధీన రేఖ, అదే ఎల్‌ఏసీకి రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదని రెండు దేశాలూ 1996లో ఒప్పందం చేసుకున్నాయి. అందుకే గల్వాన్ లోయలో, గడ్డకట్టే చలిలో, రాళ్ళు, ఇనుప మేకుల కర్రల మధ్య జరిగింది ఆ పోరు. తీవ్రంగా గాయపడ్డాక కూడా ఆయన వెనక్కి రాలేదు, ముందుండి నడిపించారు. ఆయనతో కలిపి ఇరవై మంది చనిపోయారు. చైనా సరిహద్దులో అలా ప్రాణాలు పోవడం 1975 తర్వాత అదే మొదలు.

మరుసటి రోజు ఆ తల్లి టీవీ వాళ్ళతో, దేశం కోసం ప్రాణమిచ్చాడని గర్వంగా ఉంది, కానీ నాకు ఒక్కడే కొడుకు అన్నారు. ఆ రెండు మాటల్లో మనం మొదటిదే గుర్తు పెట్టుకున్నాం. దయచేసి రెండోదీ గుర్తు పెట్టుకోండి. 2021 నవంబరులో ఆయనకు ఇచ్చిన మహావీర చక్ర శౌర్య పతకం అందుకోవడానికి ఆమె, కోడలు సంతోషి గారు ఇద్దరూ రాష్ట్రపతి భవన్‌కి వెళ్ళారు. సంతోషి గారు డిప్యూటీ కలెక్టర్‌గా ఉద్యోగంలో చేరి, పిల్లలను పెంచుకుంటున్నారు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. సీఓ పేరు మన ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయనతో పోయిన మిగతా పంతొమ్మిది మంది పేర్లు ఈ కాగితం మీద రాసుకొచ్చాను. బీహార్, జార్ఖండ్, పంజాబ్, తమిళనాడు, ఒడిశా... అన్ని చోట్ల పేర్లూ ఉన్నాయి. తప్పు పలకకూడదని వారం నుంచి చదువుకుంటున్నాను. లేచి నిలబడండి, ఒక్కొక్కటే చదువుతాను.