లినక్స్ 3888.9% స్పీడ్ పెరిగిందా? అసలు కథ ఒక చిన్న షరతులో ఉంది

[స్క్రీన్ నిండా ఒకే అంకె: 3888.9%]

2024 నవంబర్లో వచ్చిన అంకె ఇది. ఇంటెల్ వాళ్ల కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) టెస్ట్ రోబో ఒకటుంది, లినక్స్‌లోకి వచ్చే కొత్త మార్పుల మీద బెంచ్‌మార్కులు, అంటే వేగం కొలిచే టెస్టులు తిప్పి, బాగుపడితే బాగుపడిందని, చెడితే ఎవరి ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పు) వల్ల చెడిందో పేరుతో సహా రిపోర్టు పంపడం దాని పని. మెమరీ మేనేజ్‌మెంట్‌లో ఒక బుల్లి ప్యాచ్ వల్ల ఒక టెస్టు 3888.9 శాతం మెరుగైందని అది చెప్పింది. దాదాపు 40 రెట్లు! థంబ్‌నెయిల్‌కి ఇంతకన్నా మంచి అంకె దొరకదు, నేనూ పెట్టేశాను, ఒప్పుకుంటున్నా. కానీ మీ లాప్‌టాప్ 40 రెట్లు ఫాస్ట్ అవ్వలేదు. జేబులోంచి తీసిన డబ్బులు మళ్లీ జేబులోనే పెట్టారు, అంతే. ఎవరు తీశారు, ఎలా పెట్టారు, అది చూద్దాం.

ముందు కాస్త బేసిక్స్, తెలిసినవాళ్లు ఒక నిమిషం ఓపిక పట్టండి. మామూలు ఎక్స్86 మెషీన్లో మెమరీ పేజీ 4 కేబీ. ప్రోగ్రామ్‌కి కనపడే అడ్రస్ వేరు, ర్యామ్‌లో అసలు చోటు వేరు, ఏది ఎక్కడుందో పేజీ టేబుల్లో రాసి ఉంటుంది. ప్రతిసారీ ఆ టేబుల్ తిరగేస్తూ కూర్చుంటే పని సాగదు కాబట్టి, ఈ మధ్య వెతికినవాటిని ప్రాసెసర్ టీఎల్‌బీ అనే చిన్న చిట్టాలో దగ్గర పెట్టుకుంటుంది. అందులో పట్టేవి బాగా తక్కువ. అందుకే హ్యూజ్ పేజీలు వచ్చాయి: 512 చిన్న పేజీల బదులు ఒకే 2 ఎంబీ పేజీ, చిట్టాలో ఒకే లైను. మనం అడక్కపోయినా కెర్నలే చూసుకుని ఇలా ఇవ్వడాన్ని ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్, అంటే టీహెచ్‌పీ అంటారు. ఒక్కటే మెలిక, 2 ఎంబీ పేజీ 2 ఎంబీ సరిహద్దు మీదే మొదలవ్వాలి.

కథ మొదలైంది కెర్నల్ డెవలపర్ రిక్ వాన్ రీల్ రాసిన ఇంకో ప్యాచ్‌తో, అది సరిగ్గా దీని గురించే. ప్రోగ్రామ్ ఎమ్‌మ్యాప్‌తో (కెర్నల్‌ని నేరుగా మెమరీ అడిగే పిలుపు) 2 ఎంబీ లేదా అంతకంటే ఎక్కువ మెమరీ అడిగితే, దాన్ని 2 ఎంబీ సరిహద్దు మీద మొదలయ్యేలా ఇద్దాం, మొదటి నుంచే హ్యూజ్ పేజీలు పడతాయి అని. నాకైతే ఇందులో తప్పేం కనపడలేదు, రివ్యూకి నా దగ్గరికి వచ్చుంటే కాఫీ తాగుతూ ఓకే అనేసేవాణ్ణి. 2022లో లినక్స్ 6.1 వెర్షన్ కోసం తీసుకున్నారు. వెంటనే ఇదే రోబో ఒక మాలాక్ (ప్రోగ్రాములు మెమరీ తీసుకునే మామూలు ఫంక్షన్) టెస్టు సుమారు 95 శాతం పడిపోయిందని గోల పెట్టింది, క్లాంగ్ అనే కంపైలర్‌తో కెర్నల్ కంపైల్ చేసేవాళ్లు బిల్డ్ నెమ్మదించిందన్నారు, 6.1 విడుదలకు ముందే లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని వెనక్కి తీసేశారు. ఏడాది తిరిగాక, 2023 డిసెంబర్లో, ఆ నెమ్మది ఈ ప్యాచ్ వల్ల కాదన్న మాటతో అదే మళ్లీ లోపలికి వచ్చింది.

ఈసారి దొరికింది క్యాక్టస్ బీఎస్ఎస్ఎన్ దగ్గర. స్పెక్ సీపీయూ 2017 అనే టెస్టుల గుంపులో ఉండే బెంచ్‌మార్క్ ఇది, ఐన్‌స్టీన్ సమీకరణాలను లెక్కేస్తుంది. కొన్ని మెషీన్ల మీద 600 శాతం దాకా నెమ్మదించింది. ఫోటోలు ఎడిట్ చేసే డార్క్‌టేబుల్‌కీ దెబ్బ తగిలింది, కాబట్టి ఇది సైంటిస్టుల గొడవ, మనకెందుకు అనడానికి లేదు.

[స్క్రీన్ మీద: 4632 = 2048 + 2048 + 536]

ఈ లెక్క ఒక్కసారి జాగ్రత్తగా చూడండి, మొత్తం కథ ఇక్కడే ఉంది. క్యాక్టస్ ఒక్కోసారి 4632 కేబీ అడుగుతుంది, అలా చాలాసార్లు. ఇదివరకైతే కెర్నల్ కొత్తదాన్ని పాతదానికి ఆనించి పెట్టేది, పక్కపక్కన ఉన్నవి కలిసి ఒకే పెద్ద ఏరియా అయ్యేవి, ఆ పెద్దదానికి హ్యూజ్ పేజీలు వరసగా పడేవి. ప్యాచ్ వచ్చాక ప్రతిదీ సొంత సరిహద్దు మీద మొదలవ్వాలి. రెండు హ్యూజ్ పేజీలు పడతాయి, 536 కేబీ తోక మిగులుతుంది, అంటే 134 చిన్న పేజీలు. ఆ తర్వాత 1512 కేబీ ఖాళీ. మళ్లీ రెండు పెద్దవి, ఒక తోక, ఒక ఖాళీ. హ్యూజ్ పేజీలు పెంచాలని వచ్చిన ప్యాచే ఇక్కడ వాటికి గండి కొట్టింది.

తోకతో పోతే బాగుండేది. ఇప్పుడు అన్ని ముక్కలూ 2 ఎంబీ సరిహద్దు మీదే మొదలవుతున్నాయి కాబట్టి, వాటి అడ్రసుల్లో కింది బిట్లన్నీ ఒకటే. క్యాష్‌లోనూ (ప్రాసెసర్ దగ్గరుండే చిన్న వేగమైన మెమరీ) టీఎల్‌బీలోనూ ఏ అరలో పెట్టాలో నిర్ణయించేది ఆ కింది బిట్లే. గుడి బయట చెప్పుల స్టాండ్ ఊహించుకోండి, టోకెన్ చివరి అంకెని బట్టి అర, అరకి ఎనిమిది జతలు. వచ్చినవాళ్లందరికీ సున్నాతో ముగిసే టోకెన్లే ఇచ్చారనుకోండి. తొమ్మిది అరలు ఖాళీ, సున్నా అర దగ్గర మాత్రం తోపులాట. తొమ్మిదో జత రాగానే ఒక జత బయటికి గిరాటు, ఆ చెప్పుల ఆసామి వచ్చి అడిగితే అతనివి లోపల పెట్టడానికి ఇంకొకరివి గిరాటు. స్టాండ్‌లో చోటు లేక కాదు, ఉన్నా వాడుకోలేక.

2024 అక్టోబర్లో ఇంకో కెర్నల్ డెవలపర్ వ్లాస్టిమిల్ బాబ్కా దీన్ని సరిచేశారు. మళ్లీ మొత్తం పీకేయలేదు, నాకు నచ్చింది అదే. పాత షరతు "సైజు కనీసం 2 ఎంబీ ఉందా?" కొత్త షరతు "సైజు 2 ఎంబీకి గుణిజమా?" 4632 గుణిజం కాదు, కాబట్టి దాని జోలికి పోవద్దు, ఆనించి పెట్టు, కలిసిపోనీ. సరిగ్గా 4 ఎంబీ అడిగినవాడికి సరిహద్దు ఇవ్వు, అక్కడ తోకా లేదు, ఖాళీ లేదు. ఇది 6.12లోకి వెళ్లింది.

[మళ్లీ ఆ అంకె]

మరి 3888.9 ఎక్కడిది? ఆ టెస్టు చేసే పని వింటే నవ్వొస్తుంది: మాలాక్‌తో 128 ఎంబీ తీసుకో, వాడకుండానే ఫ్రీ చెయ్, మళ్లీ తీసుకో. వాడకపోయినా జీలిబ్‌సీ (మాలాక్ ఉండే లైబ్రరీ) ఆ ముక్క మొదట్లో తన హెడర్, కొన్ని బైట్లు, రాసుకుంటుంది. ఆ మొదలు సరిహద్దు మీద లేకపోతే, ఆ కొన్ని బైట్ల కోసం కెర్నల్ ఒక 4 కేబీ పేజీ తుడిచి ఇస్తుంది. సరిహద్దు మీద ఉంటే హ్యూజ్ పేజీ ఇస్తుంది, అంటే 2 ఎంబీ మొత్తం సున్నాలతో నింపాలి, వెంటనే పారేయడానికి. ఆ తుడుపు పని ఆగింది, అంకె ఎగిరింది.

ఇంకో తమాషా. మీరు సరిగ్గా 128 ఎంబీ అడిగినా, హెడర్ వల్ల జీలిబ్‌సీ కెర్నల్‌ని అడిగేది 128 ఎంబీ మీద ఇంకో 4 కేబీ. గుణిజం కాదు! అంత పెద్దదైతే పర్లేదు, మధ్యలో కనీసం 63 హ్యూజ్ పేజీలు పడే వీలుంటుంది. కానీ 2 ఎంబీ మాలాక్ చేసి హ్యూజ్ పేజీ వస్తుందని కూర్చుంటే, పక్కన కలవడానికి ఇంకో మ్యాపింగ్ లేకపోతే ఒక్కటీ పడకపోవచ్చు. మీకు నిజంగా కావాలంటే మాలాక్ పక్కన పెట్టి, నేరుగా ఎమ్‌మ్యాప్‌తో 2 ఎంబీ గుణిజంలో అడగండి, తర్వాత ఆ ప్రాసెస్ మెమరీ వివరాలు చూపించే ఎస్‌మ్యాప్స్ ఫైల్లో యానాన్‌హ్యూజ్‌పేజెస్ లైను చూడండి. అక్కడ సున్నా కనపడితే కోడ్‌ని తిట్టేముందు టీహెచ్‌పీ అసలు ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, నేను ఒక పూట అలాగే పోగొట్టుకున్నా.